వెనక చక్రం విప్పడం వచ్చా మీకు?

ముందుగా ఒక ఒప్పుకోలు. నాలుగేళ్ళు ఇంజనీరింగు చదివి, ఆరేళ్ళుగా సాఫ్టువేరు ఉద్యోగం వెలగబెడుతూ, నెలకి రెండుసార్లు సైకిలు మీద యాభై అరవై కిలోమీటర్లు తొక్కి ఆ ఫోటోలు కనిపించినవాళ్ళందరికీ చూపించే నాకు, మొన్నమొన్నటిదాకా సైకిలు వెనక చక్రం విప్పడం రాదు.

ముందు చక్రం వచ్చు. అది ఎవరికైనా వస్తుంది. రెండు నట్లు వదులు చేసి పైకి లేపితే చేతిలోకొచ్చేస్తుంది. వెనక చక్రం దగ్గరికొచ్చేసరికి గొలుసు, గేర్లు, బ్రేకు, కింద వేలాడే ఆ డీరెయిలర్.. అన్నీ కలిసి "నీ వల్ల కాదులే బాబూ" అన్నట్టు కనిపిస్తాయి. మన ఆఫీసుల్లో ఎవరూ ముట్టుకోని పాత మాడ్యూలు ఒకటి ఉంటుంది చూడండి. నడుస్తోంది కదా, ఎందుకు కెలకడం అని అందరం పక్కనుంచి తప్పుకుని పోతుంటాం. అలాంటి మాడ్యూళ్ళు ఏదో ఒక శుక్రవారం సాయంత్రం చూసుకుని ఆగిపోతాయి. నాది ఆదివారం పొద్దున ఆగింది, అదీ తాండూర్ రోడ్డు మీద.

మాది వికారాబాద్. వారాంతాల్లో హైదరాబాద్ నుంచి ఇంటికొస్తుంటాను. హైదరాబాద్ సైకిలు గుంపులు మా ఊరొస్తే అనంతగిరి గుట్ట ఎక్కుతాయి. ఘాటు రోడ్డు, అడవి, మూసీ పుట్టిన చోటు, అనంత పద్మనాభస్వామి గుడి, కిందికి దిగాక ఒక చాయ్. బాగానే ఉంటుంది కానీ ఊళ్ళోవాడికి గుట్ట మీద అంత మోజుండదు. నేను రెండో వైపు, తాండూర్ రోడ్డు పడతాను. దాదాపు 40 కిలోమీటర్లు. ధారూర్ దాటాక కంది చేలు మొదలవుతాయి (తాండూర్ కందులకి 2022 డిసెంబరులో జీఐ గుర్తింపు కూడా వచ్చింది). తాండూర్ దగ్గరపడేకొద్దీ నాపరాయి పాలిషింగు యూనిట్లు, సిమెంటు లారీలు, బండలు మోసే లారీలు. ఆ బరువులు తిరిగే రోడ్డు కాబట్టి గుంతలకేం కొదవుండదు.

అలాంటి ఒక గుంతలో వెనక చక్రం దిగి లేచింది. "టంగ్" మని తీగ తెగిన చప్పుడు. ఆ తర్వాత చక్రం ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా ఎడమ బ్రేకు రబ్బరుకి రాసుకుంటూ కర్ర్.. కర్ర్.. దిగి చూస్తే గేర్లున్న వైపు ఒక పుల్ల విరిగింది. హబ్బు దగ్గర వంపు తిరిగే చోట సరిగ్గా కోసినట్టు తెగిపోయింది.

పుల్ల విరగడానికి గుంత కారణం అనుకున్నాను అప్పుడు. తర్వాత చదివితే తెలిసింది, గుంత చివరి దెబ్బ మాత్రమేనని. చక్రం తిరుగుతున్నప్పుడు ప్రతి పుల్లా కిందికొచ్చేసరికి కాస్త వదులవుతుంది, పైకి వెళ్తూ మళ్ళీ బిగుసుకుంటుంది. నా సైకిలు చక్రం చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. అంటే కిలోమీటరుకి 500 సార్లు, వికారాబాద్ నుంచి తాండూర్ వెళ్ళేలోపు 20,000 సార్లు. ఇనుప తీగని అటూ ఇటూ వంచి తెంపుతాం చూడండి, అదే పని మెల్లగా, ఏళ్ళ తరబడి జరుగుతుందన్నమాట. జాబ్‌స్ట్ బ్రాంట్ అనే ఇంజనీరు 1981లో ఈ చక్రం గురించే 'ది బైసికిల్ వీల్' అని ఒక పుస్తకం రాశాడు. సైకిలు చక్రం ఇంత పుస్తకానికి సరిపోతుందా అనుకున్నాను. సరిపోతుంది.

ఇంకో సంగతి. వెనక చక్రంలో ఎక్కువగా విరిగేవి కుడివైపు పుల్లలే. అటువైపు గేర్లకి చోటివ్వాలి కదా, అందుకని కుడివైపు పుల్లలు దాదాపు నిట్టనిలువుగా ఉంటాయి. ఎడమవైపువి ఏటవాలుగా. రిమ్ము మధ్యలో నిలబడాలంటే కుడివైపువి ఎక్కువ బిగించాలి. ఎక్కువ బరువు మోసేదీ అవే, తొక్కుడు బలం ముందుగా తగిలేదీ వాటికే. పోనీ విరిగితే మార్చుకుందాం అంటే, పుల్ల దూర్చాల్సిన రంధ్రం సరిగ్గా గేర్ల వెనకాల ఉంటుంది. గేర్ల గుత్తి మొత్తం తీస్తే తప్ప కొత్త పుల్ల లోపలికి పోదు. 10 రూపాయల పుల్ల, దాని ముందు కాపలా కాసే అంత ఇనుము. ఈ డిజైను చేసినవాణ్ణి తిట్టుకుంటూ, వెనక బ్రేకు ఊడదీసి, సైకిలు కొంత తొక్కుతూ కొంత తోస్తూ తాండూర్ చేరాను.

మొదట కనిపించిన షాపులో "గేర్ సైకిల్ చేయం సార్" అన్నారు. రెండోది స్టేషను దగ్గర చిన్న డబ్బా కొట్టు. తలకి రుమాలు చుట్టుకున్న ఒక పెద్దాయన నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూస్తున్నాడు.

"ఏమైంది బేటా?"

"పుల్ల ఇరిగింది చాచా."

చక్రాన్ని ఒకసారి తిప్పి చూశాడు. "గీ దిక్కు ఇర్గిందంటే గేర్లు తియ్యాలె. తీసెటందుకు నా తాన చావి లేదు. పంచరు చేస్త, బ్రేకులు చేస్త. గేర్ల దిక్కు పుల్ల పోతె మాత్రం హైదరాబాద్ తీస్కపోండ్రి అంట."

నా మొహం చూసి జాలేసిందేమో, "ఇంటికి పోయేదాంక జేస్త, కూసో" అన్నాడు.

ఆ డబ్బా కొట్టు పక్కన కూర్చుంటే మా నాన్న సైకిలు గుర్తొచ్చింది. నల్ల అట్లాస్. (ఆ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం కావడం ఇంకో విడ్డూరం.) ఏడాదికోసారి నాన్న దాన్ని 'ఓవరాయిలింగు'కి ఇచ్చేవాడు. అంటే సైకిలుకి బాగా ఆయిలు పోయడమని చాలా ఏళ్ళు అనుకున్నాను నేను. అసలు మాట ఓవర్‌హాలింగ్ అని ఇంజనీరింగులో చేరాక తెలిసింది :) షాపతను సైకిలు మొత్తం ఊడదీసి, గోళీలన్నీ కిరసనాయిల్లో కడిగి, గ్రీజు పెట్టి మళ్ళీ బిగించి సాయంత్రానికి ఇచ్చేసేవాడు. రెండు మూడు పానాలు, ఒక కటింగ్ ప్లేయరు, ఒక సుత్తి. ఆ సైకిలు కోసం అతని దగ్గర లేని పనిముట్టు అంటూ లేదు.

అయితే ఆ సైకిలుకి కూడా వెనక చక్రం తీయడం అంత సుఖమైన పనేం కాదు. యాక్సిలు నట్టు వదులు చేస్తే క్యారియరు కాళ్ళు, మడ్‌గార్డు కమ్మీలు, స్టాండు అన్నీ దానికే వేలాడుతుంటాయి. పైన చైను కవరు. అందుకే పంచరైతే ఎవరూ చక్రం తీసేవారు కాదు. సైకిలుని పడుకోబెట్టి, టైరు ఒక పక్క పైకి లేపి, ట్యూబు బయటికి లాగి, చక్రం చక్రంలా ఉండగానే ప్యాచి వేసి లోపలికి తోసేసేవారు. సర్వరు ఆపకుండా ప్యాచి వేయడం మనమేదో కనిపెట్టామనుకుంటాం కానీ, ఆ మాటా ఆ పనీ రెండూ వాళ్ళవే.

చాచా మామూలు సైకిలు పుల్ల ఒకటి తీశాడు. అవి 28 అంగుళాల చక్రానికి చేసినవి కాబట్టి నా 26 అంగుళాల చక్రానికి బాగా పొడుగు. ఆ పొడుగే పనికొచ్చింది. తల ఉన్న కొసని కత్తిరించి, కొనని కటింగ్ ప్లేయరుతో రెండుసార్లు వంచి కొక్కెంలా చేశాడు. గేర్లకీ హబ్బుకీ మధ్య ఉన్న సందులోంచి ఆ కొక్కేన్ని రంధ్రంలోకి తగిలించాడు. టైరు కాస్త లేపి రెండో కొసకి నిపుల్ ఎక్కించి బిగించాడు. గేర్లు ముట్టుకోలేదు. చక్రం తిప్పుతూ, బ్రేకు రబ్బరుని కొలతగా పెట్టుకుని, పావు చుట్టు ఇటు, పావు చుట్టు అటు తిప్పి పది నిమిషాల్లో బెండు తీసేశాడు.

"ఎంత చాచా?"

"ఇరవై ఇయ్యి. దీని మీద భరోసా పెట్టుకోకు. ఇంటికి పొయ్యి గేర్లు తీపిచ్చి అసలు పుల్ల ఏపిచ్చు."

ఆ కొక్కెం పుల్ల మీద 40 కిలోమీటర్లు తొక్కి ఇంటికొచ్చాను. ఒక్కసారి కూడా వదలలేదు. అయినా ఆయన భరోసా వద్దన్నాడు కాబట్టి, సోమవారం హైదరాబాద్‌లో ఒక సైకిలు షాపుకి ఫోను చేశాను. "పుల్ల ఒక్కటీ మార్చడం మాకు కుదరదండీ, చక్రం మొత్తం మార్చేద్దాం, 2,500 అవుతుంది" అన్నారు. 10 రూపాయల పుల్లకి 2,500! అక్కడ నాకు పంతం పట్టింది. ఇంజనీర్ని, నేనే చేసుకుంటాను అనుకున్నాను.

చక్రం ఊడదీయడం వరకూ నిజంగానే తేలిక. గొలుసుని అన్నిటికన్నా చిన్న గేరు మీదకి తెచ్చుకోవాలి, బ్రేకు విప్పుకోవాలి, నట్లు వదులు చేసుకోవాలి, డీరెయిలర్ని చేత్తో వెనక్కి లాగి పట్టుకుంటే చక్రం దానంతటదే జారుతుంది. ఇన్నాళ్ళు భయపడింది దీనికా అనిపించింది. చేతులకి మసి తప్ప ఏం కాలేదు.

అసలు కథ గేర్ల దగ్గర మొదలైంది. వాటిని తీసే పనిముట్టు కోసం ఆన్‌లైన్లో వెతికితే అచ్చం ఒకేలాంటివి డజను కనిపించాయి. అన్నీ నల్లగా, పొట్టిగా, చుట్టూ పళ్ళతో. ఒకటి తెప్పించాను. పట్టలేదు. అది క్యాసెట్టుదట, నాది ఫ్రీవీలట.

తేడా ఏంటంటే, పాత పద్ధతిలో గేర్లూ, వెనక్కి తొక్కితే టకటకమనే ఆ యంత్రమూ ఒకే ముద్ద. దాన్నే ఫ్రీవీలంటారు. దాన్ని హబ్బు మీద మరలాగా తిప్పి బిగిస్తారు. క్యాసెట్టులో ఆ టకటక యంత్రం హబ్బులోనే ఉంటుంది, గేర్లు దాని మీదకి గాజుల్లా జారతాయి, పైన ఒక రింగు బిగిస్తే చాలు. షిమానో ఈ రకాన్ని 1978లో తెచ్చింది. ఖరీదైన సైకిళ్ళన్నీ ఎప్పుడో దానికి మారిపోయాయి. మన దగ్గర తక్కువ ధర గేరు సైకిళ్ళలో మాత్రం చాలావరకు ఇంకా ఫ్రీవీలే. రెండింటి పనిముట్లకీ 12 పళ్ళే, ఒకటి కాస్త లావు అంతే. ఇంగ్లీషు చదవడం వచ్చు, ఇంటర్నెట్టు ఉంది, జీతం తీసుకునేదే ఇలాంటివి వెతికి చదివినందుకు. అయినా తప్పుది కొన్నాను. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

రెండోసారి సరైంది వచ్చింది. 350 రూపాయలు. పళ్ళల్లో దింపి, పెద్ద పానా పట్టి తిప్పాను. కదల్లేదు. ఎక్కడో ఎడమ పెడలుకి ఉల్టా మర ఉంటుందని చదివిన గుర్తు, ఇదీ అంతేనేమో అని రెండో వైపు ఒక పది నిమిషాలు శక్తంతా పెట్టి తిప్పాను. ఫ్రీవీలుకి మామూలు మరే. అంటే ఆ పది నిమిషాలూ నేను దాన్ని ఇంకా బిగించానన్నమాట. మళ్ళీ సరైన వైపుకి మారి, పానాకి పైపు తొడిగి లాగాను. పనిముట్టు జారి, పళ్ళ అంచు చెక్కుకుపోయి, నా వేళ్ళ కణుపులు గేర్లకి కొట్టుకున్నాయి. అమ్మ పసుపు పెడుతూ "ఆ 2,500 ఇచ్చేస్తే పోయేది కదరా" అంది. నాన్న పేపరులోంచి తల ఎత్తకుండా "తాండూర్ల జేసినాయన దగ్గరికే తీస్కపో" అన్నాడు.

మరుసటి ఆదివారం చక్రం ఒక్కటీ చంకన పెట్టుకుని ప్యాసింజరు ఎక్కాను. చక్రంతో రైలెక్కినవాణ్ణి అందరూ వింతగా చూశారు. ఎదుటి సీటు తాత ఒకాయన "తక్కిన సైకిలు యాడ వాయె?" అని అడిగాడు :)

చాచా గుర్తుపట్టాడు. పనిముట్టు చేతిలో తిప్పి తిప్పి చూసి, "గింతేనా గిది?" అన్నాడు. తర్వాత నా వేళ్ళు చూశాడు. నవ్వలేదు, అది ఆయన మంచితనం.

ఆయన చేసింది మూడే పనులు. ఒకటి, పనిముట్టుని గేర్లలో దింపాక, జారకుండా దాని మీద యాక్సిలు నట్టునే బిగించాడు. రెండు, చక్రాన్ని తలకిందులు చేసి, పనిముట్టుని పక్క వెల్డింగు షాపులో బల్లకి బిగించిన వైసులో పెట్టాడు. మూడు, పానా పక్కన పడేసి, చక్రాన్ని రెండు చేతులా లారీ స్టీరింగు పట్టుకున్నట్టు పట్టుకుని ఎడమకి ఒక్క గుంజు గుంజాడు. "ఫట్" మంది. నేను అరగంట కుస్తీ పట్టింది అలా వదిలేసింది. వెంటనే ఆపేశాడు. నట్టు తీసేసి, ఆ తర్వాతే మిగతా చుట్లు తిప్పాడు. నట్టు ఉండగానే తిప్పుతూపోతే విప్పొచ్చే ఫ్రీవీలు ఆ నట్టుకే అడ్డం తగులుతుందట.

"నువ్వు చావి తిప్పినవ్. చావిని పట్టుకోని చక్రం తిప్పాలె" అన్నాడు.

ఆలోచిస్తే చిన్నప్పటి భౌతికశాస్త్రమే. నేను పానా పొడుగు పెంచుకుంటూ పోయాను. 26 అంగుళాల పానా చక్రం రూపంలో నా ఒళ్ళోనే ఉంది. రెండు చేతులూ రెండు వైపులా పెట్టొచ్చు, జారే పని లేదు. బలం, బలభుజం, టార్కు.. పరీక్షలో లెక్క వస్తే ఠక్కున వేసేవాణ్ణి.

ఇంత గట్టిగా ఎందుకు పట్టేసింది అని అడిగితే ఆయన చెప్పింది నాకు బాగా నచ్చింది. తొక్కినకొద్దీ ఫ్రీవీలు బిగుసుకుంటూనే పోతుంది. పెడలు నొక్కిన ప్రతిసారీ గొలుసు గేర్లని ముందుకి లాగుతుంది, మర కూడా అటువైపే. ఎవరూ బిగించక్కర్లేదు, వాడకమే బిగిస్తుంది. నేను ఆ సైకిలు 2021లో కొన్నాను. అప్పట్నుంచి ఎక్కిన ప్రతి అనంతగిరి ఎత్తూ దాన్ని ఇంకాస్త బిగిస్తూనే వచ్చింది. పైగా లోపల మర పొడిగా ఉంది, చుక్క గ్రీజు లేదు, చెమ్మకి తుప్పు పట్టింది. "బిగిచ్చినోడు గ్రీజు పెట్టలే" అన్నాడు చాచా, అంతే.

పుల్ల దూర్చడం, మిగతా పుల్లల మధ్య అల్లడం, నిపుల్ బిగించడం ఐదు నిమిషాల పని. తర్వాత ఒక్కో పుల్లనీ వేలితో మీటుతూ విన్నాడు. సరిగ్గా బిగిసిన పుల్లలు కుడివైపువన్నీ ఇంచుమించు ఒకే స్వరం పలుకుతాయి. వదులుగా ఉన్నది బొంగురుగా మోగుతుంది. అలా వింటూ ఇంకో రెండు వదులు పుల్లలు దొరికించుకున్నాడు. మీటరూ లేదు, గేజీ లేదు.

చివర్న ఫ్రీవీలు మళ్ళీ ఎక్కించేముందు, పాత బనీను గుడ్డతో మరంతా తుడిచి, దాని చుట్టూ వేలితో గ్రీజు రాశాడు. ఎలాగూ తొక్కితే బిగుసుకునేదే కదా, చేత్తో తిప్పితే చాలట.

"గ్రీజు ఎందుకు చాచా, జారదా?"

"జారదు. పెట్టకపోతె మళ్ల తీసెటోడు తిడతడు."

"మళ్ళీ తీసేదెవరు?"

"ఎవరేంది? నేనే గద."

ఈ మాట దగ్గర నాకు ఆఫీసు గుర్తొచ్చింది. రెండేళ్ళ క్రితం మా ప్రాజెక్టులో బిల్డు స్క్రిప్టు ఒకటి నేను రాశాను. రెండు రోజుల్లో రాసి శభాష్ అనిపించుకున్నాను. దేని మీద ఏది ఆధారపడిందో ఎక్కడా రాయలేదు. అప్పటినుంచి ప్రతి ఒక్కరూ దానికి ఇంకో రెండు లైన్లు తగిలిస్తూ వచ్చారు. వాడినకొద్దీ బిగుసుకుంది. ఈమధ్య కొత్తగా చేరిన అమ్మాయి అందులో ఒక చిన్న మార్పు చేయడానికి రెండు రాత్రులు కూర్చుంది. ఆ అమ్మాయి పాపం మర్యాదగా నన్నేమీ అనలేదు. నేనేమో "అది కొంచెం కాంప్లెక్సు" అని గర్వంగా చెప్పాను కూడా. అందులో కాంప్లెక్సు ఏమీ లేదు. బిగించినవాడు గ్రీజు పెట్టలేదు, అంతే. తాండూర్ నుంచి వచ్చాక ఒక శనివారం కూర్చుని ఆ స్క్రిప్టు మొత్తానికి వివరాలు రాసి పెట్టాను. ఎవరూ మెచ్చుకోలేదు. మెచ్చుకునే పని కాదది.

సరే, ఇప్పుడు అసలు విషయానికొస్తాను. రిపేరు హక్కు గురించి ఈమధ్య చాలా వింటున్నాం. మన దగ్గర కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో దీని మీద ఒక కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ కూడా తెరిచారు. వ్యవసాయ పరికరాలు, మొబైళ్ళూ ఎలక్ట్రానిక్సూ, గృహోపకరణాలు, వాహనాలు అని నాలుగు రంగాలు తీసుకున్నారు. మంచిదే. కంపెనీలు విడిభాగాలు దాచిపెట్టి, మాన్యువళ్ళు ఇవ్వకుండా మన చేతులు కట్టేస్తే అడగడానికి ఒక దారుండాలి.

కానీ నా చక్రం విషయంలో ఎవరూ ఏదీ దాచలేదు. ఆ పనిముట్టు రహస్యం కాదు, ఎవరైనా కొనుక్కోవచ్చు, 350 రూపాయలు. అయినా నలభై ఏళ్ళుగా చక్రాలు విప్పుతున్న మనిషి దగ్గర అది లేదు. ఎందుకంటే దాని పేరు ఆయన దాకా రాలేదు. ఆయన దగ్గరికి గేరు సైకిళ్ళు వచ్చాయి, వాటి 'చావి' రాలేదు. వెతకాలంటే ఇంగ్లీషులో వెతకాలి. ఒకేలాంటి డజను బొమ్మల్లో సరైంది ఏదో తెలియాలి. ఇవన్నీ వచ్చిన నేనే తప్పుది కొన్నానని పైన చెప్పాను కదా. పనిముట్టు తెచ్చుకోగలిగిన నాకు పని రాదు, పని వచ్చిన ఆయన దగ్గర పనిముట్టు లేదు. ఈ మధ్యలో పడి 10 రూపాయల పుల్ల 2,500 రూపాయల చక్రమైపోయింది. చట్టం వచ్చినా ఈ ఖాళీ దానంతటదే పూడదు.

గేరు సైకిళ్ళు చెడిపోతే బాగుచేసేవాళ్ళు లేరు అని మన స్నేహితులు ఎంతమంది వాటిని అపార్టుమెంటు మెట్ల కింద పడేశారో చూడండి. లేరని కాదు. ఉన్నవాళ్ళని "ఇది మీకు రాదులెండి" అని మనమే దాటిపోతున్నాం. నేను కూడా ఆ రోజు సైకిలు మామూలుగా నడుస్తుంటే ఆ డబ్బా కొట్టు వైపు తలైనా తిప్పేవాణ్ణి కాదు.

ఆ చావి నాకిక అక్కర్లేదు, చాచా దగ్గరే ఉంచమన్నాను. ఊరికే తీసుకోనన్నాడు. ఎంత పెట్టి కొన్నావని అడిగాడు. 350 అని చెప్పాను. పుల్లకి, పనికి, వైసు వాడినందుకు వెల్డింగు ఆయనకి ఇవ్వాల్సిందానికి కలిపి 150 తీసేసుకుని, రెండు వంద నోట్లు నా చేతిలో పెట్టాడు. రిపేరుకి వెళ్ళి డబ్బులతో తిరిగి రావడం నా జీవితంలో అదే మొదటిసారి.

మళ్ళీ నెలకి అటు తొక్కుకుంటూ వెళ్తే కొట్టు ముందు రెండు గేరు సైకిళ్ళు ఉన్నాయి. ఒకదానికి వెనక చక్రం లేదు. వెల్డింగు షాపులోంచి "ఫట్" మని వినిపించింది.

మీలో సైకిలు ఉన్నవాళ్ళకి నా అనుభవంతో నాలుగు ముక్కలు:

1. మీ వెనక గేర్లు ఫ్రీవీలో క్యాసెట్టో ముందు తెలుసుకోండి. చక్రం తీసి, గేర్లని వెనక్కి తిప్పి చూడండి. పనిముట్టు దిగే పళ్ళు కూడా గేర్లతో పాటు తిరిగితే క్యాసెట్టు. పళ్ళు కదలకుండా గేర్లు మాత్రమే తిరిగితే ఫ్రీవీలు.

2. కొత్త సైకిలు కొన్నప్పుడే ఒకసారి ఫ్రీవీలు తీయించి మరకి గ్రీజు పెట్టించండి. మూడేళ్ళ తర్వాత పడే కష్టం తప్పుతుంది.

3. కుడివైపు కొలతకి సరిపోయే పుల్లలు రెండు నిపుళ్ళతో సహా సీటు గొట్టంలో దాచుకోండి. దారిలో పుల్ల విరిగితే ఎక్కువ దూరం తొక్కకండి. ఒకటి పోతే దాని బరువు పక్కవాటి మీద పడి అవీ పోతాయి.

4. మీ ఊళ్ళో సైకిలు షాపాయన ఎవరో కనుక్కోండి. మీ దగ్గరున్న పనిముట్టు ఆయన దగ్గర ఉందో లేదో అడగండి.

అన్నట్టు, ఆ కొక్కెం పుల్ల నా బల్ల మీదే ఉంది, పారేయబుద్ధి కాలేదు. ఇంతకీ మీలో ఎంతమందికి వెనక చక్రం విప్పడం వచ్చు? నిజం చెప్పండి :)